తొట్టిలో దొరికిన చోటు

పరిచయం

డిసెంబరు నెల రాగానే సంతల్లోనూ, బస్టాండు దగ్గరి దుకాణాల్లోనూ కాగితపు నక్షత్రాలు వేలాడతాయి. వాటిని మీరూ చూసే ఉంటారు. ఎర్ర టోపీలు, మెరిసే దండలు, ప్లాస్టిక్ చెట్లు, రంగు దీపాల తీగలు, పిల్లల కొత్త బట్టలు వరసగా పేర్చి ఉంటాయి. జగదల్‌పూర్‌లో చూసినా, శబరి ఒడ్డున ఉన్న కోంటాలో చూసినా, ఇటు భద్రాచలంలో చూసినా ఈ దృశ్యంలో పెద్ద తేడా ఉండదు. క్రిస్మస్ అనగానే చాలామంది మనసులో మెదిలే బొమ్మ ఇదే.

ఈ పాఠంలో ఆ దుకాణాల వెనక మరుగున పడిన కథను చదువుదాం. మీరు క్రైస్తవులు కావచ్చు, కాకపోవచ్చు. ఇది మతాన్ని బోధించే పాఠం కాదు. ఒక పండగ ఏ సంగతిని గుర్తు చేయడానికి పుట్టింది, దాని మీదికి బజారు ఎలా వచ్చి చేరింది, మన ఇంటి ఖర్చుతోనూ ఇరుగుపొరుగుతోనూ దానికి ఏం సంబంధం ఉంది అన్నవే ఇక్కడి ప్రశ్నలు. దసరాకైనా, సంక్రాంతికైనా, రంజానుకైనా ఇవే ప్రశ్నలు వేసుకోవచ్చు.

ఈ పాఠం చదివిన తరువాత మీరు ఒక పాత కథలో నిజంగా ఉన్నదేమిటో, తరువాతివారు కలిపినదేమిటో వేరుచేసి చెప్పగలుగుతారు. పండగ కోసం చేసిన అప్పు ఎంత భారమవుతుందో లెక్క వేయగలుగుతారు. బస్తర్‌లో ఈ మధ్య కాలంలో జరిగిన కొన్ని సంఘటనలను ఈ కథ పక్కన పెట్టి ఆలోచించగలుగుతారు. పాఠం మధ్యలో ప్రశ్నలు వచ్చినప్పుడు ఆగి, నోటు పుస్తకంలో జవాబు రాసి, ఆ తరువాతే ముందుకు వెళ్లండి. చదవడం తొందరగా ముగించాలనే నియమం ఏమీ లేదు.

కథను మళ్ళీ చదువుదాం

యేసు పుట్టుక కథ బైబిలులోని నాలుగు సువార్తల్లో రెండింటిలోనే ఉంది. అవి మత్తయి, లూకా. రెండూ ఒకే విధంగా చెప్పవు. లూకా గొల్లల సంగతి చెబుతాడు, మత్తయి తూర్పు నుంచి వచ్చిన జ్ఞానుల సంగతి చెబుతాడు. మనం నాటకాల్లో ఈ రెండింటినీ కలిపి చూస్తుంటాం.

లూకా చెప్పిన కథ ఒక ప్రభుత్వ ఉత్తర్వుతో మొదలవుతుంది. రోము చక్రవర్తి అగస్తు జనాభా లెక్కలు రాయించమన్నాడు. ఎవరి పూర్వికుల ఊరికి వాళ్ళు వెళ్లి పేరు రాయించుకోవాలి. యోసేపు చేతిపని చేసుకుని బతికే మనిషి, వడ్రంగి అని మన వాడుక. ఉండేది నజరేతులో. పేరు రాయించుకోవలసింది బేత్లెహేములో. నడక దారిన వంద కిలోమీటర్లకు పైగా ఉంటుంది. సుక్మా నుంచి జగదల్‌పూర్ ఎంత దూరమో దాదాపు అంత అనుకోండి. పక్కన నిండు గర్భిణి మరియ ఉంది. కాగితంలో పేరు ఉండాలంటే పనీ కూలీ మానుకుని దూరం పోవలసిందే. రేషను కార్డు కోసమో, కుల ధ్రువపత్రం కోసమో తాలూకా ఆఫీసు చుట్టూ తిరిగినవారికి ఈ భాగం విడమరచి చెప్పనక్కరలేదు.

బేత్లెహేముకు చేరాక బస చేయడానికి వాళ్ళకు చోటు దొరకలేదు. బిడ్డ పుట్టాడు. గుడ్డలు చుట్టి, పశువులు మేత తినే తొట్టిలో పడుకోబెట్టారు. ఇంతే. క్రిస్మస్ నాటకాల్లో సత్రం యజమాని ఒకడు తలుపు తీసి, కసిరి పంపిస్తాడు. ఆ పాత్ర లూకా కథలో లేనే లేదు. తెలుగులో సత్రమని మనం చదువుకునే చోట గ్రీకు మూలంలో ఉన్న మాటకు అతిథుల గది అనే అర్థం కూడా ఉందని పండితులు చెబుతారు. అంటే అది బంధువుల ఇల్లే కావచ్చు. ఇల్లు కిక్కిరిసి ఉంటే పశువులు కట్టే భాగంలో సర్దుకున్నారేమో. ఎలా అర్థం చేసుకున్నా ఒక విషయం మారదు. మనుషులు ఉండవలసిన చోట వాళ్ళకు చోటు లేదు. పశువుల చోటే దక్కింది.

ఈ కబురు మొదట ఎవరికి చేరింది? రాజుకు కాదు, గుడి పెద్దలకు కాదు. రాత్రిపూట బయలులో మందలు కాసుకుంటున్న గొల్లలకు చేరింది. బిడ్డను గుర్తుపట్టడానికి వాళ్ళకు చెప్పిన ఆనవాలు కూడా ఆ తొట్టే.

తరువాత ఒక చిన్న వివరం వస్తుంది. చాలామంది దాన్ని గమనించకుండా దాటిపోతారు. నలభై రోజులయ్యాక తల్లిదండ్రులు బిడ్డను దేవాలయానికి తీసుకుపోయారు. యూదుల ధర్మశాస్త్రం ప్రకారం ప్రసవం తరువాత తల్లి ఒక గొర్రెపిల్లను అర్పించాలి. అంత స్తోమత లేనివారు రెండు పావురాలు ఇస్తే చాలని అదే శాస్త్రం సడలింపు ఇచ్చింది. ఆ చోట లూకా గొర్రెపిల్ల మాటే ఎత్తకుండా పక్షుల జత గురించే చెప్పాడు. ఇంట్లో ఎంత ఉందో వేరే చెప్పకుండానే తెలిసిపోయింది. నా దృష్టిలో క్రిస్మస్ కథ మొత్తంలో ఇది చాలా విలువైన వాక్యం. ఏ క్రిస్మస్ కార్డు మీదా ఈ బొమ్మ కనిపించదు.

మత్తయి దగ్గర కానుకలు వస్తాయి. బంగారం, సాంబ్రాణి, బోళం. జ్ఞానులు ముగ్గురని మనమంతా అంటాం కానీ మత్తయి ఎందరో చెప్పలేదు. కానుకలు మూడు కాబట్టి మనుషులూ ముగ్గురే అనుకున్నారు. ఈ కానుకలను చూపించే నేటి వ్యాపారులు పండగకు బహుమతులు కొనమంటారు. అయితే కథ అక్కడితో ఆగదు. హేరోదు రాజు ఆ బిడ్డను చంపించాలనుకుంటాడు. తల్లిదండ్రులు రాత్రికి రాత్రే బిడ్డతో సరిహద్దు దాటి ఐగుప్తుకు పారిపోతారు. కానుకలు అందుకున్న కొద్ది కాలానికే ఆ కుటుంబం కాందిశీకులైపోయింది.

ఆగి ఆలోచించండి 1: పై కథలో "చోటు లేకపోవడం" ఎన్ని సార్లు, ఏ ఏ రూపాల్లో వచ్చింది? నాలుగైదు వాక్యాల్లో రాయండి.

బజారు ఎప్పుడు వచ్చింది?

యేసు ఏ నెలలో, ఏ తేదీన పుట్టాడో సువార్తలు చెప్పవు. డిసెంబరు 25న ఈ పండగ జరిగినట్టు మనకు తెలిసిన పాత రోమను దాఖలా క్రీ.శ. 336 నాటిది. తరువాత వందల ఏళ్ళు ఇది ప్రార్థన, పాట, విందుతో కూడిన పండగగానే సాగింది. 1223లో ఇటలీలోని గ్రెచ్చో అనే ఊళ్ళో అస్సీసీ ఫ్రాన్సిస్ అనే సన్యాసి నిజమైన గడ్డి, తొట్టి, ఎద్దు, గాడిదలతో పుట్టుక దృశ్యాన్ని ఏర్పాటు చేశాడు. చదువురాని పల్లెవాళ్ళకు ఆ పేదరికం కళ్ళకు కట్టాలని ఆయన ఉద్దేశం. ఇప్పుడు మనం గుళ్ళలో, ఇళ్ళలో పెట్టే పశువుల పాక బొమ్మలకు అది మూలం. గడ్డి పోయి మెరుపు కాగితాలు వచ్చాయి, అది వేరే సంగతి.

శాంతాక్లాజ్ వెనక కూడా ఒక మనిషి ఉన్నాడు. నాలుగో శతాబ్దంలో, ఇప్పటి టర్కీలో ఉన్న మైరా అనే పట్టణంలో నికోలస్ అనే బిషప్పు ఉండేవాడు. ముగ్గురు ఆడపిల్లల పెళ్ళిళ్ళు చేయలేక కుంగిపోతున్న ఒక పేద తండ్రి ఇంట్లోకి, ఎవరికీ తెలియకుండా, రాత్రిపూట డబ్బు మూటలు వేశాడని ఆయన మీద ఒక కథ ప్రచారంలో ఉంది. ఇచ్చినవాడెవరో తెలియకపోవడమే ఆ కథకు ప్రాణం. పంతొమ్మిదో శతాబ్దంలో అమెరికాలో ఆయన బొద్దుగా, నవ్వుతూ, బొమ్మలు పంచే తాతగా మారాడు. ఆ శతాబ్దంలోనే పత్రికల బొమ్మలు ఆయనకు రూపం దిద్దాయి. 1931 నుంచి కోకాకోలా కంపెనీ హాడన్ సండ్‌బ్లామ్ అనే చిత్రకారుడి చేత ప్రకటనల కోసం వేయించిన బొమ్మలు ఆ రూపాన్ని ప్రపంచమంతా పరిచయం చేశాయి. ఎర్ర దుస్తులను ఆ కంపెనీయే కనిపెట్టిందని కొందరంటారు. అది నిజం కాదు. అంతకు ముందే ఆ రంగు ఉంది. అయితే పేరు తెలియనివ్వకుండా ఇచ్చిన మనిషి, పేరున్న సరుకును అమ్మిపెట్టే మనిషిగా మారడం మాత్రం నిజం.

అచ్చువేసి అమ్మిన మొదటి క్రిస్మస్ కార్డు 1843లో లండన్‌లో వెలువడింది. దుకాణాలు, రైళ్ళు, తపాలా పెరిగేకొద్దీ కానుకల వ్యాపారమూ పెరిగింది. అంటే సుమారు పదిహేడు వందల ఏళ్ళ పండగలో, కొనడం ప్రధానమైపోయి రెండు వందల ఏళ్ళు కూడా కాలేదు.

బస్తర్‌కు క్రిస్మస్ వచ్చిన తోవ వేరు. 1890ల దశకంలో సి.బి. వార్డ్ అనే అమెరికా మెథడిస్టు మిషనరీ జగదల్‌పూర్‌లో పని మొదలుపెట్టాడు. అంతకు ముందు ఆయన నిజాం రాజ్యంలో, మన తెలుగు ప్రాంతంలోనే పనిచేశాడు. జగదల్‌పూర్‌లో ఎర్రగా కనిపించే పాత మెథడిస్టు గుడిని అక్కడివారు లాల్ చర్చి అంటారు. 1972లో కేరళకు చెందిన సిరో మలబార్ కథోలిక సంఘం బస్తర్‌లో తన కేంద్రాన్ని నెలకొల్పింది. 1977లో అది జగదల్‌పూర్ మేత్రాసనమైంది.

బజారు కొలతలు ఎలా ఉంటాయో బస్తర్ జనానికి ఎవరూ నేర్పనక్కరలేదు. ఒకప్పుడు ఇక్కడి సంతల్లో వ్యాపారులు ఒక కొలత ఉప్పు పోసి, అదే కొలతకు సారపప్పు పట్టుకుపోయేవారు. అడవిలో ఉప్పు దొరకదు. ఉప్పు లేనిదే గడవదు. సారపప్పు ఏరుకొచ్చి, పగలగొట్టి, ఎండబెట్టిన శ్రమ ఆ కొలతలోకి రాలేదు. ఇవాళ మిఠాయి దుకాణంలో సారపప్పు ధర అడిగి చూడండి, ఆ మారకం ఎంత అన్యాయమో తెలుస్తుంది. పండగ బజారులోనూ ఇలాంటిదే జరుగుతుంది. అక్కడ ఉప్పుకు బదులు అమ్మేది ఒక భయం. "అందరి పిల్లలకూ ఉంది, నా పిల్లకు లేదు" అనే భయం. దానికి మనం ఇచ్చేది కొన్ని నెలల కూలి.

పండగ అప్పు

ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. భార్యా భర్త, ఇద్దరు పిల్లలు. ఇద్దరూ కూలిపని చేస్తారు. బస్తర్ వైపు నుంచి చాలామంది వెళ్ళినట్టే, జనవరి తరువాత మిరపకాయలు కోయడానికి తెలంగాణకు వెళతారు. క్రిస్మస్‌కు వాళ్ళ ఖర్చు ఇలా ఉందనుకోండి. నలుగురికీ బట్టలు 3,200 రూపాయలు, నక్షత్రం, దీపాలు, సున్నం, రంగు కలిపి 900, కేకు, మాంసం, పిండివంటలు 1,400, అత్తవారి ఊరికి రానూపోనూ చార్జీలు 500. మొత్తం 6,000 రూపాయలు. చేతిలో 2,000 ఉంది. మిగతా 4,000 రూపాయలు నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చారు.

నెలకు వడ్డీ 120 రూపాయలు. పది నెలల తరువాత ఒకేసారి తీర్చారనుకుంటే వడ్డీ 1,200, మొత్తం 5,200 రూపాయలు కట్టాలి. అంటే పిండివంటల ఖర్చుకు కొంచెం తక్కువగా వడ్డీయే అయింది. పది నెలలకు చిన్నపిల్ల బట్టలు పొట్టివి అయిపోతాయి, రంగు దీపాలు రెండు మాడిపోతాయి. అప్పు మాత్రం ఆ రోజు దాకా కొత్తగానే ఉంటుంది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. కూలి చేసుకునేవాళ్ళకు కొత్త బట్ట ఎందుకు, కేకు ఎందుకు అని ఈ పాఠం అనడం లేదు. ఏడాదంతా పాత బట్టలతో గడిపిన పిల్లకు పండగనాడు కొత్త గౌను వేయడంలో తప్పేమీ లేదు. బీదవాళ్ళ సరదా మీద ఉపన్యాసం ఇవ్వడం కడుపు నిండినవాళ్ళకు సులువు. మనం అడగవలసింది వేరు. ఆ 6,000లో ఏ రూపాయి ఇంటివాళ్ళ సంతోషానికి పోయింది, ఏ రూపాయి ఎదురింటివాళ్ళ కంటికి పోయింది? ఈ గీత ఎక్కడ గీయాలో బయటివాళ్ళు చెప్పలేరు. భార్యా భర్త కూర్చుని, డిసెంబరు మొదటి వారంలోనే మాట్లాడుకోవాలి. చాలా ఇళ్ళలో ఇరవై మూడో తారీకున దుకాణంలో నిలబడి ఈ మాట అనుకుంటారు. అప్పటికి ఆలస్యమైపోతుంది.

నక్షత్రాన్నే తీసుకోండి. వెదురు బద్దలు చీల్చి, రెండు త్రికోణాలు కట్టి, రంగు కాగితం అంటిస్తే నక్షత్రం అవుతుంది. మన పల్లెల్లో ఎన్నో ఏళ్ళు అలాగే చేశారు. బస్తర్‌లో వెదురుకూ, వెదురు పని తెలిసిన చేతులకూ కరువు లేదు. పిల్లలతో కలిసి ఒక సాయంత్రం కూర్చుంటే పని పూర్తవుతుంది.

ఆగి ఆలోచించండి 2: పై కుటుంబం అప్పును ఆరు నెలలకే తీర్చితే ఎంత కట్టాలి? నక్షత్రం, దీపాలు ఇంట్లోనే చేసుకుని 600 రూపాయలు మిగుల్చుకుంటే, తేవలసిన అప్పు ఎంత? అప్పుడు పది నెలలకు వడ్డీ ఎంత?

నారాయణ్‌పూర్‌లో ఒక డిసెంబరు

ఇంతవరకూ ఇంటి ఖర్చు మాట్లాడుకున్నాం. ఖర్చు తగ్గించుకుంటే పండగ అర్థం దానంతట అదే తెలిసివస్తుందా? రాదు. పొదుపు మంచిదే కానీ, తొట్టి కథ పొదుపు గురించి చెప్పిన కథ కాదు. అది చోటు గురించిన కథ. ఆ మాట బస్తర్‌లో వట్టి ఉపమానం కాదు.

2022 డిసెంబరులో నారాయణ్‌పూర్, కొండాగావ్ జిల్లాల్లో కొన్ని పల్లెల నుంచి క్రైస్తవం స్వీకరించిన ఆదివాసీ కుటుంబాలను వెళ్ళగొట్టారు. కొందరిపై దాడులు జరిగాయి. వందలాది మంది ఇళ్ళు వదిలి రావలసి వచ్చింది. వాళ్ళలో చాలామందికి నారాయణ్‌పూర్ పట్టణంలోని క్రీడా ప్రాంగణంలో ఆశ్రయం కల్పించారు. బస్తర్ డిసెంబరు చలి మీకు తెలిసిందే. ఆ ఏడాది క్రిస్మస్ నాటికి వాళ్ళలో చాలామంది ఇంకా సొంత గడప తొక్కలేదు. 2023 జనవరి 2న నారాయణ్‌పూర్‌లో ఒక నిరసన అదుపు తప్పి, కథోలిక గుడిపై దాడి జరిగింది. అడ్డుకోబోయిన జిల్లా పోలీసు అధికారి కూడా గాయపడ్డారు.

గొడవకు కారణం ఏమిటి? ఒక వైపువారి మాట ఇది. ఊరు అంటే ఇళ్ళు మాత్రమే కాదు, ఊరి దేవత, పూర్వికులు, పండగలు, చావుకూ పుట్టుకకూ ఉన్న కట్టుబాట్లు అన్నీ కలిసినది. కొందరు పూజలకు రాకుండా, ఊరి పనుల్లో పాలు పంచుకోకుండా దూరమైతే ఊరు చీలిపోతుంది. రెండో వైపువారి మాట ఇది. మేం పుట్టింది ఈ ఊళ్ళోనే, మా పొలం ఇక్కడే, మా అమ్మా నాన్నలు ఇక్కడివాళ్ళే. ప్రార్థన మారినంత మాత్రాన మనిషి పరాయివాడు అవుతాడా? మొదటి మాటలో ఉన్న భయాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. ఆదివాసీ సంస్కృతి ఎన్నో వైపుల నుంచి నలుగుతోంది, అడవీ నేలా తరిగిపోతున్నాయి. అయితే ఏ భయమైనా సరే, చలి రాత్రి పసిపిల్లలున్న తల్లిని ఇంట్లోంచి వెళ్ళగొట్టడానికి సమాధానం కాలేదు. నచ్చిన మతాన్ని అవలంబించే స్వేచ్ఛను రాజ్యాంగం 25వ అధికరణం ఇచ్చింది. ఆదివాసీ గ్రామసభలు తమ ఆచారాలను కాపాడుకునే వీలును 1996 నాటి పెసా చట్టం ఇచ్చింది. రెండూ ఈ దేశం ఇచ్చినవే. రెండూ ఒకే ఊళ్ళో ఇమడాలి.

చోటు తగాదా బతికినవాళ్ళతో ఆగలేదు. 2025 జనవరిలో బస్తర్ జిల్లా దర్భా ప్రాంతంలోని ఒక ఊళ్ళో ఒక క్రైస్తవ బోధకుడు చనిపోయాడు. ఊళ్ళో పాతిపెట్టడానికి వీలు లేదని కొందరు గ్రామస్థులు అడ్డుపడ్డారు. శవం జగదల్‌పూర్ ఆసుపత్రి శవాగారంలో దాదాపు మూడు వారాలు ఉండిపోయింది. కొడుకు సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. జనవరి 27న ఇద్దరు న్యాయమూర్తులు రెండు వేర్వేరు తీర్పులు ఇచ్చారు. కుటుంబం సొంత పొలంలో ఖననం చేసుకోవచ్చునని ఒకరు, క్రైస్తవులకు కేటాయించిన శ్మశానంలోనే చేయాలని మరొకరు అన్నారు. అయితే శవం ఇంకా ఆగకూడదని, వేరే ఊళ్ళో ఉన్న క్రైస్తవ శ్మశానవాటికలో అంత్యక్రియలు జరపాలని ఇద్దరూ కలిసి ఆదేశించారు. ఆరడుగుల నేల కోసం దేశ అత్యున్నత న్యాయస్థానం దాకా పోవలసి వచ్చింది.

ఇప్పుడు ఒకసారి వెనక్కి వెళ్ళి, తొట్టి కథను మళ్ళీ చదవండి. పేరు రాయించుకోవడానికి వెళ్ళిన ఊళ్ళో బస లేదు. పుట్టిన దేశంలో ప్రాణానికి భద్రత లేదు. ఈ కథ తెలిసినవారు "మాకు చోటు ఇవ్వండి" అని అడగగలరు, నిజమే. అయితే కథ అంతటితో వదలదు. క్రైస్తవ కుటుంబాలను కూడా అది అడుగుతుంది. మీ విందులో, మీ గుమ్మంలో, నిన్నటి దాకా మీతో మాట్లాడని పొరుగువాడికి చోటు ఉందా? ఊరి పనిలో, ఊరి కష్టంలో మీ చెయ్యి ఉందా?

ఆగి ఆలోచించండి 3: గ్రామసభలో మీరు ఒక సభ్యులు అనుకోండి. ఇరువైపులవారూ మాట్లాడారు. మీరేం చెబుతారు? పది వాక్యాల్లో రాయండి. తప్పొప్పుల జవాబు ఇక్కడ లేదు. ఇరువైపుల మాటనూ పట్టించుకున్నారా అన్నదే చూస్తారు.

ఇవ్వడం అంటే ఏమిటి?

ఇక్కడ ఒక తెలుగు ప్రాంతపు సంగతి చెప్పుకోవాలి. 1876–78 మధ్య దక్షిణ భారతంలో మహా కరువు వచ్చింది. ఒంగోలులో జాన్ క్లౌ అనే అమెరికా బాప్టిస్టు మిషనరీ ఉండేవాడు. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం పనిని ఆయన గుత్తకు తీసుకున్నాడు. ఆకలితో ఉన్నవాళ్ళకు ఆ తవ్వకంలో పని ఇచ్చి, కూలి ఇప్పించాడు. ఆ రోజుల్లో వేలమంది బాప్తిస్మం కావాలని అడిగారు. సాయం పంచుతున్నంత కాలం ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూటి కోసం మతం మారారనే మాట రాకూడదని, తన సాయం బేరం కాకూడదని ఆయన పట్టుదల. సాయం పనులు ముగిసిన తరువాతే మొదలుపెట్టాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ సంఖ్య గురించి చరిత్రకారులు ఎక్కువగా రాశారు. ఆ సంఖ్యకు ముందు జరిగిన నిరీక్షణే ఈ పాఠానికి అక్కరకు వస్తుంది. తిరిగి ఏదో రావాలని ఇచ్చేది కానుక కాదు, కొనుగోలు. ఇది మిషనరీకీ వర్తిస్తుంది, ఎన్నికల ముందు చీరలు పంచే నాయకుడికీ వర్తిస్తుంది, "వాళ్ళు పోయినసారి ఎంతది పెట్టారు" అని లెక్క చూసుకుని కానుక కొనే మనకూ వర్తిస్తుంది.

ఎదురు లెక్క చూడకుండా ఇచ్చే అలవాటు బయటినుంచి తెచ్చుకోవలసినదేమీ కాదు. ఛత్తీస్‌గఢ్‌లో పుష్య పౌర్ణమి నాడు ఛేర్‌ఛేరా అనే పండగ జరుగుతుంది. కోతలు పూర్తయి, ధాన్యం ఇంటికి వచ్చిన రోజులవి. పిల్లలూ పెద్దలూ సంచులు పట్టుకుని, పాడుకుంటూ గడప గడపకూ వెళ్ళి వడ్లు అడుగుతారు. ఎవరూ లేదనకుండా దోసెడో గంపెడో పోస్తారు. ఆ రోజు ఉన్నవాళ్ళ పిల్లలూ అడుగుతారు, లేనివాళ్ళ పిల్లలూ అడుగుతారు. అందరూ అడిగే రోజున అడగడం ఎవరికీ చిన్నతనం కాదు. ఎంత చక్కని ఉపాయమో చూడండి. క్రిస్మస్ తరువాత కొన్ని వారాల్లోనే ఈ పౌర్ణమి వస్తుంది.

తెలుగు పల్లెల్లో సంక్రాంతి నెల పట్టగానే హరిదాసు తల మీది పాత్రలో గుప్పెడు బియ్యం పోస్తారు. తెలుగు క్రైస్తవ సంఘాల్లోనూ పిడికెడు బియ్యం ఆచారం చాలాచోట్ల ఉంది. వండేటప్పుడు ఎసట్లో పోయబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి పక్కన కుండలో వేస్తారు. మిజోరం కొండల్లో ఇది 1910లో మొదలైంది. అక్కడ దీన్ని బుహ్‌ఫై థామ్ అంటారు. వారం వారం ఆ బియ్యం పోగుచేసి అమ్మగా వచ్చిన డబ్బుతో అక్కడి గుళ్ళ పనులు ఎన్నో నడుస్తున్నాయి. డబ్బు కళ్ళజూడని ఇల్లాలు కూడా ఇవ్వగలిగిన కానుక ఇది. గొర్రెపిల్ల లేకపోతే రెండు పావురాలు చాలన్న పాత నియమం గుర్తుకు వస్తోందా?

చేసి చూడండి

ఈ పనుల్లో ఏదైనా ఒకటి ఎంచుకుని, నోటు పుస్తకంలో రాసి, వచ్చే సంపర్క తరగతికి తీసుకురండి.

మీ ఇంట్లో జరిగే పెద్ద పండగ ఏదైనా సరే, దాని ఖర్చును వస్తువుల వారీగా రాయండి. ఒక్కొక్క వస్తువు పక్కన "మాకోసం" అనో "చూసేవాళ్ళ కోసం" అనో రాయండి. ఇంట్లోవాళ్ళతో కలిసి రాస్తే మంచిది. తగాదా వచ్చినా ఫరవాలేదు, ఎవరు ఏమన్నారో అదీ రాయండి.

లేదా, మీ ఊరిలోని ఒక ముసలివారిని కలిసి వారి చిన్నప్పుడు పండగ ఎలా జరిగేదో అడగండి. ఏమేం కొనేవారు, ఏమేం ఇంట్లో చేసేవారు, ఎవరెవరిని పిలిచేవారు, ఎవరిని పిలిచేవారు కాదు? చివరి ప్రశ్నకు వచ్చిన జవాబును వారి మాటల్లోనే రాయండి.

లేదా, వెదురు బద్దలతో ఒక నక్షత్రం చేసి, ఎంత ఖర్చయిందో, ఎంత సమయం పట్టిందో రాయండి. నక్షత్రాన్ని అధ్యయన కేంద్రంలో వేలాడదీద్దాం.

జవాబులకు సూచనలు

ఆగి ఆలోచించండి 1: బస దొరకకపోవడం, తొట్టిలో పడుకోబెట్టడం, రాత్రివేళ దేశం వదిలిపోవడం ఈ మూడూ తప్పక రావాలి. గొల్లలు బయలులో ఉండడాన్ని కూడా చేర్చితే మంచి జవాబు.

ఆగి ఆలోచించండి 2: ఆరు నెలలకు వడ్డీ 720 రూపాయలు, మొత్తం 4,720 రూపాయలు. ఖర్చు 600 తగ్గితే అప్పు 3,400 రూపాయలు, నెలకు వడ్డీ 102 రూపాయలు, పది నెలలకు 1,020 రూపాయలు. వడ్డీలో 180 రూపాయలు, అసలులో 600 రూపాయలు మిగిలాయి.

ఆగి ఆలోచించండి 3: మీ జవాబును తరగతిలో చదివి వినిపించండి. మీతో ఏకీభవించని వారిని ముందుగా మాట్లాడనివ్వండి.